కాయిల్ స్ప్లిట్ నిజంగా పనికొస్తుందా, పేరుకే ఉన్న స్విచ్చా?

నిజాంపేట్_పికర్

అందరికీ నమస్కారం. నా దగ్గర ఉన్నది ఒకే ఒక్క గిటార్, హెచ్ఎస్ఎస్ స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) టైపు. తీగల మోతని పట్టే పికప్‌లు మూడు: బ్రిడ్జ్ దగ్గర హంబకర్ (రెండు కాయిల్స్ జంట), మధ్యలో ఒకటి, నెక్ దగ్గర ఒకటి సింగిల్ కాయిల్స్. వీకెండ్స్‌లో పెళ్లిళ్లకి, కాలేజ్ ఫెస్ట్‌లకి వాయిస్తాం. ఒక పాటకి గలగలలాడే క్లీన్ టోన్ కావాలి, దాని వెనకాలే వచ్చే పాటకి ఫుల్ డిస్టార్షన్. రెండో గిటార్ కొనే బడ్జెట్ లేదు. ఉన్నా స్కూటర్ మీద రెండు కేసులు పట్టవు.

సెకండ్ హ్యాండ్‌లో ఒక డిమార్జియో హంబకర్ దొరికింది, నాలుగు రంగుల వైర్లున్నది. టోన్ పాట్ (నాబ్ కింద ఉండే కంట్రోల్) ఒకటి తీసేసి దాని చోట స్విచ్ కూడా ఉన్న పుష్-పుల్ పాట్ వేసి, నాబ్ పైకి లాగితే కాయిల్ స్ప్లిట్ అయ్యేలా, అంటే హంబకర్‌లో ఒక్క కాయిలే మోగేలా చేద్దామనుకుంటున్నా. మా కీబోర్డ్ వాడేమో "అదంతా దండగ, జనానికి తేడా తెలీదు" అంటున్నాడు. స్టేజ్ మీద వాడినవాళ్లు చెప్పండి.

ఆరుతీగలు

తమ్ముడూ, విజయవాడ చుట్టుపక్కల ఆర్కెస్ట్రాల్లో ఇరవై ఏళ్లకు పైగా వాయించాను. మీ కీబోర్డ్ అబ్బాయి చెప్పిందాంట్లో సగం కరెక్టు.

మామూలు హంబకర్ నిరోధం 8 కిలో ఓమ్‌లు ఉంటుందనుకో. స్ప్లిట్ చేస్తే ఒక కాయిల్‌ని గ్రౌండ్‌కి పంపేస్తున్నావు, మిగిలేది 4. అసలు స్ట్రాట్ సింగిల్ కాయిలే 6 దాకా ఉంటుంది. పైగా స్ట్రాట్ పికప్‌లో తీగల కింద నిలబడేవి అయస్కాంతం కడ్డీలు. హంబకర్‌లో ఇనుప స్క్రూలు, అడుగున ఒక అయస్కాంతం పట్టీ. తయారీయే వేరు, సౌండ్ ఒకటెలా అవుతుంది? స్ప్లిట్ అనగానే స్ట్రాట్ వస్తుందనుకోవడం పాలల్లో నీళ్లు పోసి మజ్జిగ అనుకోవడమే.

ఇక స్టేజ్ సంగతి. పాట మధ్యలో చెమట చేత్తో నాబ్ పట్టుకుని పైకి లాగి చూడు, అప్పుడు తెలుస్తుంది. నేను వాల్యూమ్ నాబ్ 10 నుంచి 6కి తగ్గిస్తాను, అంతే, క్లీన్ వస్తుంది. తగ్గించినప్పుడు ట్రెబుల్ చచ్చిపోకుండా వాల్యూమ్ పాట్ మీద ట్రెబుల్ బ్లీడ్ వేసుకో. 0.001 మైక్రోఫారడ్ కెపాసిటర్, 150 కిలో ఓమ్ రెసిస్టర్, రెండూ ప్యారలల్‌గా. టీ ఖర్చు కూడా అవదు.

ఒహాయో_స్ట్రాట్

ఆరుతీగలు గారూ, మీ అనుభవానికి దండం. కానీ "ఉన్నది చాలు" అనుకుని ఉంటే స్ట్రాట్‌కి ఇవాళ ఐదు పొజిషన్లు ఉండేవి కావు. 1954లో స్ట్రాట్ వచ్చినప్పుడు స్విచ్‌కి మూడే పొజిషన్లు. వాయించేవాళ్లే ఆ స్విచ్‌ని రెండు గాడుల మధ్య ఇరికించి ఆపి, రెండు పికప్‌లు కలిసి మోగితే వచ్చే ఆ గిలక సౌండ్‌ని పట్టారు. ఫెండర్ వాళ్లు దాన్ని ఐదు పొజిషన్ల స్విచ్‌గా మామూలు మోడల్స్‌లో పెట్టడానికి 1977 దాకా పట్టింది. అంటే ఇరవై ఏళ్లకు పైగా కంపెనీ కంటే వాయించేవాళ్లే ముందున్నారు.

పింక్ ఫ్లాయిడ్ డేవిడ్ గిల్మోర్ నల్ల స్ట్రాట్‌లో చిన్న టాగుల్ స్విచ్ ఒకటి ఉండేది. అది వేస్తే ఏ పొజిషన్‌లో ఉన్నా నెక్ పికప్ కలుస్తుంది. క్వీన్ బ్యాండ్ బ్రయాన్ మే, వాళ్ల నాన్న కలిసి 1963లో ఇంట్లో చెయ్యడం మొదలుపెట్టిన గిటార్‌కి మూడు పికప్‌లు, ఒక్కోదానికి ఒక ఆన్-ఆఫ్, ఒక ఫేజ్ స్విచ్ (సిగ్నల్ దిశ తిప్పేది), మొత్తం ఆరు. వాళ్ల చేతికి చెమట పట్టలేదా సార్?

నిజాంపేట్ బ్రో, చేసెయ్. నచ్చకపోతే నాబ్ కిందికి నొక్కి ఉంచుకో, ఏం పోయింది?

సోల్డర్_సుబ్బడు

ముందు ఒక మాట. కొందరు దీన్నే కాయిల్ ట్యాప్ అంటున్నారు, షాపుల్లో కూడా. రెండూ ఒకటి కాదు. ట్యాప్ అంటే ఒకే కాయిల్ చుట్టలో మధ్య నుంచి ఒక వైరు బయటికి తియ్యడం. స్ప్లిట్ అంటే రెండు కాయిల్స్‌లో ఒకదాన్ని ఆపెయ్యడం. షాపులో ట్యాప్ అని అడిగి స్ప్లిట్ తెచ్చుకుంటే తప్పు ఎవరిదో తేల్చడం కష్టం.

ఇక అసలు ప్రశ్నకి. మీరిద్దరూ టోన్ గురించి కొట్టుకుంటున్నారు, హమ్ (కరెంటు వల్ల వచ్చే గుంయ్ శబ్దం) సంగతి ఎవరూ ఎత్తలేదు. హంబకర్‌ని సెత్ లవర్ గిబ్సన్‌లో కనిపెట్టిందే హమ్ చంపడానికి. స్ప్లిట్ చేసిన క్షణం ఆ లాభం పోయింది. పెళ్లి స్టేజ్ మీద వెనక ఎల్ఈడీ వాల్, పక్కన జనరేటర్, లైట్లకి డిమ్మర్లు. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని మీద వచ్చే 100, 150 హెర్ట్జ్ అన్నీ నీ ఆంప్‌లోంచి గుంయ్‌మంటాయి. డిస్టార్షన్ వేస్తే పాట కంటే అదే ముందు వినిపిస్తుంది.

నా సలహా ప్యారలల్, అంటే రెండు కాయిల్స్‌ని ఒకదాని వెనక ఒకటి (సిరీస్) కాకుండా పక్కపక్కన కలపడం. అదే పుష్-పుల్, అవే ఆరు కాళ్లు, వైర్లు మాత్రం వేరేగా. రెండు కాయిల్స్ సిరీస్‌లో 8 కిలో ఓమ్‌లు అయితే ప్యారలల్‌లో 2 అవుతుంది. సౌండ్ తగ్గుతుంది, తేటగా వస్తుంది, సింగిల్ కాయిల్‌కి దగ్గరగా ఉంటుంది. హమ్ మాత్రం రాదు.

నిజాంపేట్_పికర్

సుబ్బడు అన్నా, మీ పోస్ట్ చూసేలోపే స్ప్లిట్ పెట్టేశా 😅 నిన్న కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి పాట్, సోల్డర్ తెచ్చుకున్నా. పాట్ వీపు మీద గ్రౌండ్ వైరు అతకడానికే అరగంట పట్టింది. నా 25 వాట్ల ఐరన్‌కి అంత లోహం వేడెక్కట్లేదు, సోల్డర్ ముత్యంలా గుండ్రంగా కూర్చుని, వేలితో తోస్తే ఊడిపోతోంది. చివరికి పక్కింటి అంకుల్ దగ్గర 60 వాట్లది అరువు తెచ్చా.

రిజల్ట్ వింటే ఆరుతీగలు గారు ఆశ్చర్యపోతారు. స్ప్లిట్‌లో సౌండ్ తగ్గడం కాదు, పెరిగింది! నాబ్ నొక్కి ఉంచితే, అంటే ఫుల్ హంబకర్‌లో, పీలగా, ముక్కుతో పాడినట్టు వస్తోంది. పైకి లాగితే నిండుగా ఉంది. హమ్ కూడా స్ప్లిట్‌లోనే తక్కువ. మీటర్ పెట్టి చూశా, జాక్ దగ్గర ఫుల్‌లో 8 పైనే, స్ప్లిట్‌లో 4 పైన. అంటే కనెక్షన్ కరెక్టే కదా?

ఒహాయో_స్ట్రాట్

చూశారా! ఇక వాదన అయిపోయినట్టే. స్ప్లిట్ గెలిచింది.

సోల్డర్_సుబ్బడు

ఆగండాగండి, బాణాసంచా తర్వాత కాల్చుదాం. ఫుల్ హంబకర్‌లో హమ్ ఎక్కువ, స్ప్లిట్‌లో తక్కువ అంటే అది స్ప్లిట్ గొప్పతనం కాదు. రెండు కాయిల్స్ ఒకదానికొకటి ఎదురు తిరిగి ఉన్నాయి.

ఏ డయాగ్రామ్ చూసి వేశావు? నల్ల వైరు హాట్ (సిగ్నల్ బయటికి వెళ్లేది), తెలుపు-ఎరుపు కలిపి, ఆకుపచ్చ గ్రౌండ్... ఇదేనా?

నిజాంపేట్_పికర్

అవునన్నా, సరిగ్గా అదే! ఇమేజెస్‌లో మొదట వచ్చింది చూసి వేశా. ఎలా తెలిసింది?

సోల్డర్_సుబ్బడు

అది సీమోర్ డంకన్ రంగుల లెక్క. నీ దగ్గర ఉన్నది డిమార్జియో. దాంట్లో ఎరుపు హాట్, నలుపు-తెలుపు కలిపి, ఆకుపచ్చ గ్రౌండ్. డంకన్‌లో ఒక కాయిల్‌కి నలుపు-తెలుపు, రెండోదానికి ఎరుపు-ఆకుపచ్చ. డిమార్జియోలో ఒకదానికి ఎరుపు-నలుపు, రెండోదానికి తెలుపు-ఆకుపచ్చ. ఇప్పుడు నీ వైరింగ్‌ని వేలితో గీస్తూ వెళ్లు. నలుపులో ఎక్కి, ఎరుపులో దిగి, అక్కడి నుంచి తెలుపు, చివర ఆకుపచ్చ. మొదటి కాయిల్ తలకిందులైపోయింది.

హంబకర్‌లో తీగల సిగ్నల్ రెండు కాయిల్స్‌లో కలుస్తుంది, హమ్ కొట్టుకుపోతుంది. ఒకదాన్ని తిప్పితే అంతా ఉల్టా. సిగ్నల్ కొట్టుకుపోయి హమ్ కలుస్తుంది. అందుకే పీలగా, గుంయ్‌మంటూ ఉంది. స్ప్లిట్‌లో ఒక్క కాయిలే కాబట్టి దానికి ఎదురుతిరిగేది లేదు, బాగానే మోగింది.

మీటర్ సరిగ్గా చూపించింది అన్నావే, మీటర్ నిరోధం చూస్తుంది, దిశ చూడదు. కాయిల్‌ని అటు తిప్పినా ఇటు తిప్పినా అదే 8. ముల్లు మీటర్ ఉంటే ఒక్కో కాయిల్ స్క్రూల మీద స్క్రూడ్రైవర్ ఆనించి తీసి చూడు. రెండింటికీ ముల్లు ఒకే వైపు కదలాలి. డిజిటల్‌లో ఇది పట్టుకోవడం కష్టం.

ఫ్లీట్‌వుడ్ మాక్ పీటర్ గ్రీన్ లెస్ పాల్ గిటార్‌లో మధ్య పొజిషన్‌కి అంత పేరు రావడానికి కూడా ఇలాంటి ఎదురు ఫేజే కారణం. కాకపోతే అది రెండు పికప్‌ల మధ్య, నెక్ పికప్ అయస్కాంతం తిరగబడి వచ్చింది. నీది ఒకే పికప్ లోపల, దానికి ఫ్యాన్స్ ఉండరు.

ఆరుతీగలు

ఒహాయో బాబూ, గెలుపు వెనక్కి తీసుకుంటారా 😀

నిజాంపేట్_పికర్

మార్చేశా. ఎరుపు హాట్, నలుపు-తెలుపు కలిపి. ప్లగ్ పెట్టగానే తెలిసిపోయింది, హంబకర్ హంబకర్‌లా బొంగురుగా, బలంగా వచ్చింది. వారం రోజులు పీల టోన్‌ని "విచిత్రంగా ఉంది కానీ బాగుందేమో" అనుకుని వాయించిన నన్ను నేనే తిట్టుకుంటున్నా.

కానీ ఇప్పుడు ఆరుతీగలు గారు చెప్పిందే నిజమైంది. స్ప్లిట్‌కి వెళితే వాల్యూమ్ బాగా పడిపోతోంది, పైగా చెవిలో గుచ్చుకునేంత ట్రెబుల్.

ఒహాయో_స్ట్రాట్

సరే, ఓడిపోయా, పూర్తిగా కాదు. ట్రెబుల్‌కి కారణం మీ 500కే (కిలో ఓమ్‌ల) వాల్యూమ్ పాట్. అది హంబకర్‌కి సరిపోయేది, సింగిల్ కాయిల్‌కి 250కే ఉండాలి. పుష్-పుల్‌లో స్ప్లిట్‌కి ఒక వైపు మూడు కాళ్లే వాడతారు, రెండో వైపు ఖాళీ. దాంతో లాగినప్పుడు మాత్రమే 470 కిలో ఓమ్ రెసిస్టర్ పాట్‌కి ప్యారలల్‌గా వచ్చేలా చెయ్యండి. 500, 470 కలిసి 242 అవుతుంది. గుచ్చుకోవడం పోతుంది.

వాల్యూమ్ పడిపోవడానికి ఇంకో మందు ఉంది. రెండో కాయిల్‌ని నేరుగా గ్రౌండ్‌కి పంపకుండా మధ్యలో 2.2 కిలో ఓమ్ రెసిస్టర్ పెడితే అది పూర్తిగా చావదు, కొంచెం సాయం చేస్తుంది. అసలు సంగతి, 15, 16 కిలో ఓమ్‌ల హాట్ హంబకర్ అయితే సగం చేసినా 7, 8 మిగులుతుంది, ఈ గొడవే ఉండదు. స్ప్లిట్ బాలేదు అనేవాళ్లలో చాలామంది 8 కిలో ఓమ్‌ల పికప్‌ని కోసి చూసినవాళ్లే.

సోల్డర్_సుబ్బడు

ఈ చివరి పాయింట్ ఒప్పుకుంటా. రెండో పొజిషన్ సంగతి కూడా స్ప్లిట్ వైపే మాట్లాడుతుంది, న్యాయంగా చెప్పాలి. బ్రిడ్జ్, మిడిల్ కలిసే చోట సరైన కాయిల్ మిగిల్చితే హమ్ పోతుంది, ఇప్పటి చాలా స్ట్రాట్‌లలో 2, 4 పొజిషన్లలో పోయినట్టే. తప్పు కాయిల్ మిగిల్చితే సౌండ్ బాగానే ఉంటుంది, హమ్ మాత్రం అలాగే ఉంటుంది. ఏ కాయిల్ మోగుతోందో తెలియాలంటే ఆంప్ సౌండ్ తగ్గించి, స్క్రూడ్రైవర్ కొనతో స్క్రూల వరస మీద, పక్క వరస మీద టక్ టక్ అని కొట్టు. గట్టిగా వినిపించేది బతికున్న కాయిల్.

ప్యారలల్ అయితే రెండో పొజిషన్‌లో మిడిల్ పికప్ హమ్ కొంచెం మిగులుతుంది. ఎటైనా ఒక చోట వదులుకోవాల్సిందే. నువ్వు ఎక్కువగా ఉండే పొజిషన్ ఏది?

గోదారి_టెలి

మధ్యలో దూరుతున్నందుకు సారీ. ఈ గొడవంతా వద్దనుకుంటే టెలీ (ఫెండర్ టెలికాస్టర్) కొనుక్కుని నాలుగు పొజిషన్ల స్విచ్ వెయ్యండి. నాలుగోదాంట్లో రెండు పికప్‌లు సిరీస్‌లో వచ్చి హంబకర్ దడ పుట్టిస్తుంది. నెక్ పికప్ మీది రేకు మూత గ్రౌండ్‌ని విడదీసి వేరే వైరుతో కలపడం మర్చిపోకండి, అంతే.

నిజాంపేట్_పికర్

గోదారి గారూ, గిటార్ కొనలేకనే కదండీ ఈ తిప్పలు!

సుబ్బడు అన్నా, బాగా ఆలోచిస్తే సెట్‌లో నేను ఎక్కువగా ఉండేది ఒకటి (బ్రిడ్జ్ ఒక్కటే), నాలుగు (మిడిల్, నెక్ కలిసి). రెండో పొజిషన్ ఎప్పుడో గాని వాడను. కాబట్టి ప్యారలల్ వేసేశా. శనివారం శామీర్‌పేట్ దగ్గర ఫంక్షన్ హాల్లో వాయించాం, వెనక మొత్తం ఎల్ఈడీ వాల్. ప్యారలల్‌లో క్లీన్ కార్డ్స్ తేటగా వచ్చాయి, పాట ఆగినప్పుడు ఆంప్ నిశ్శబ్దంగా ఉంది. నాలుగో పొజిషన్ ఎలాగూ హమ్ కొట్టదు. వాల్యూమ్ తగ్గినదానికి బూస్ట్ పెడల్ తొక్కా.

ఒక్కటే దెబ్బ పడింది. మూడో పాటలో నాబ్ లాగితే నాబ్ ఊడి చేతికొచ్చింది. పాట్ మాత్రం కిందే ఉంది. ఆ పాటంతా హంబకర్‌తోనే లాగించా.

ఆరుతీగలు

చెమట చేతుల గురించి నేనేం చెప్పానో పైకి వెళ్లి ఒకసారి చదువుకో తమ్ముడూ.

సోల్డర్_సుబ్బడు

పాత నాబ్ పళ్ల లెక్క, కొత్త పాట్ పళ్ల లెక్క వేరై ఉంటాయి, అందుకే పట్టు దొరకలేదు. పాట్ కాడ మధ్య చీలిక ఉంటుంది చూడు, అందులో సన్న స్క్రూడ్రైవర్ పెట్టి కాస్త విడదియ్యి. గట్టిగా తిప్పావంటే విరుగుతుంది. అదీ కుదరకపోతే పక్క స్క్రూతో బిగించే నాబ్ కొనుక్కో.