చాక్లెట్ ముద్దయిపోతోంది, పండుకు పూత నిలవడం లేదు: ఈ ఎండల్లో ఎలా చేయాలి?

ప్రశ్న (నల్గొండ నుంచి)

అందరికీ నమస్కారం. వచ్చే ఆదివారం మా పాప పుట్టినరోజు, ఏడేళ్లు నిండుతాయి. ఇరవై మంది దాకా పిల్లలొస్తారు. కేకుతో పాటు పండ్ల ముక్కలు చాక్లెట్‌లో ముంచి పెడదామని మొన్న ఒకసారి చేసి చూశాను. డార్క్ చాక్లెట్ బార్ ముక్కలు చేసి, మరుగుతున్న నీళ్ల గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి కరిగించాను. మొదట మంచిగా కరిగింది, నిగనిగలాడింది కూడా. కడిగిన ద్రాక్షలు నాలుగైదు ముంచేసరికి ఒక్కసారిగా బిగుసుకుపోయి తడి ఇసుకలా అయింది. పలుచన అవుతుందేమోనని రెండు చెంచాల నీళ్లు పోస్తే ఇంకా అధ్వాన్నమైంది. మిగిలిన చాక్లెట్‌తో మళ్లీ అరటిపండు ముక్కలు చేశాను. ఈసారి పూత పట్టింది కానీ, ఫ్రిజ్‌లోంచి తీసిన పది నిమిషాలకే వేళ్లకు అంటుకుపోయింది.

మా ఇంట్లో ఓవెన్ లేదు, గ్యాస్ స్టవ్, ఫ్రిజ్ మాత్రమే ఉన్నాయి. నాన్న తోట నుంచి కత్తెర కాపు (ఎండాకాలపు కాపు) బత్తాయిలు రెండు సంచులు పంపారు. వాటిని కూడా ఇలా చేయొచ్చా? ఇంకా ఆరు రోజులే ఉంది, కొంచెం టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు (మిర్యాలగూడ నుంచి)

అక్కా, చాక్లెట్ గట్టిపడితే కొంచెం పాలు పోసి కలపండి, పలుచన అవుతుంది. మేం అలాగే చేస్తాం.

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి)

చెల్లీ, నేను ఇంటి దగ్గరే ఆర్డర్ల మీద కేకులు, చాక్లెట్లు చేస్తాను. నీకు జరిగిందే నాకూ మొదట్లో చాలాసార్లు జరిగింది. అందుకే వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదువు.

ముందు పాల సంగతి. మిర్యాలగూడ తమ్ముడు చెప్పింది సాస్ చేసుకోవడానికైతే సరిపోతుంది, ముంచడానికి పనికిరాదు. పాలు పోసిన చాక్లెట్ పలుచనవుతుంది కానీ మళ్లీ గట్టి పెంకులా కట్టదు. ముద్దయిపోయింది ఇంకా ఉంటే మాత్రం పారేయొద్దు. వేడి పాలు చెంచా చెంచాగా పోస్తూ కలుపుతూ ఉంటే కాసేపటికి మెత్తగా సాఫీగా వస్తుంది. ఐస్‌క్రీమ్ మీద పోసుకోవచ్చు, పిల్లలకు పాలల్లో కలిపి ఇవ్వొచ్చు.

ఇక ఎందుకు ముద్దయిందంటే, నీళ్ల వల్ల. చాక్లెట్‌లో కోకో వెన్న, కోకో, చక్కెర ఉంటాయి. నీళ్లు దాదాపు ఉండవు. కరిగినప్పుడు ఆ వెన్నలో చక్కెర, కోకో సన్నటి పొడిగా తేలుతుంటాయి. అందులో నాలుగు బొట్ల నీరు పడితే ఆ పొడి తడిసి ఒకదానికొకటి అతుక్కుంటుంది. చక్కెర డబ్బాలో తడి చెంచా పెడితే గడ్డలు కడుతుంది చూడు, అదే ఇదీ. నువ్వు ద్రాక్షలు కడిగి పైపైన తుడిచి ఉంటావు. కాడ ఊడిన చోట చిన్న గుంట ఉంటుంది, అందులో నీళ్లు నిలుస్తాయి. పండ్లు ముందురోజు రాత్రే కడిగి, పాత నూలు చీర ముక్క మీద పరిచి, ఫ్యాన్ కింద ఆరనివ్వు. పొద్దున ఒక్కో పండును వేలితో తడిమి చూసుకో.

ఆవిరి కూడా నీళ్లే. చాలామంది పండు తుడుస్తారు, ఆవిరి సంగతి మరిచిపోతారు. కింది గిన్నెలో రెండు వేళ్ల ఎత్తు నీళ్లు మరిగించి స్టవ్ ఆపెయ్యి. తర్వాత పై గిన్నె పెట్టు. అది కింది గిన్నె కంటే వెడల్పుగా, అంచుల మీద సరిగ్గా కూర్చునేలా ఉండాలి, అడుగు నీళ్లకు తగలకూడదు. మూత పెట్టకు, మూతకు పట్టిన ఆవిరి చెమట చాక్లెట్‌లోకే కారుతుంది. చాక్లెట్‌ను సన్నగా తరిగి వేస్తే ఆ వేడికే కరిగిపోతుంది. ముప్పావు వంతు కరిగాక గిన్నె దించి కలుపుతుంటే మిగిలింది తనంతట తానే కరుగుతుంది. దించగానే గిన్నె అడుగు పొడిబట్టతో తుడువు. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ, గిన్నె వంచినప్పుడు అడుగున ఉన్న నీటిబొట్లు అంచు వెంట జారి చాక్లెట్‌లో పడటం నా కళ్లతో చూశాను. చెక్క గరిటె వద్దు, తడి పీల్చుకుని ఉంటుంది. స్టీలు చెంచా వాడు.

రెండోది, చేతులకు అంటుకోవడం. అందులో నీ తప్పేం లేదు. కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అందుకే నోట్లో వేసుకోగానే కరిగి అంత బాగుంటుంది. ఏప్రిల్‌లో మన దగ్గర బయట 40 దాటుతుంది, ఫ్యాన్ కింద ఇంట్లో కూడా 34 పైనే ఉంటుంది. అలాంటప్పుడు అసలు చాక్లెట్ పూత నిలవమంటే నిలవదు. పైగా దాన్ని మామూలుగా కరిగించి ఆరబెడితే మెరుపు పోయి తెల్ల చారలు వస్తాయి. అలా రాకుండా ఉండాలంటే టెంపరింగ్ చేయాలి. డార్క్ చాక్లెట్‌ను 45 నుంచి 50 డిగ్రీల దాకా కరిగించి, 27, 28కి చల్లార్చి, మళ్లీ 31, 32కి తేవాలి. థర్మామీటరు, చల్లటి గది ఉంటేనే అది కుదురుతుంది. డిసెంబరులో నేను ఇష్టంగా చేస్తాను, ఎండాకాలంలో ఆ జోలికి పోను.

నీ ఆదివారం పార్టీకి కాంపౌండ్ చాక్లెట్ కొను. కేకు సామాన్లు అమ్మే షాపుల్లో స్లాబులుగా దొరుకుతుంది. ప్యాకెట్ వెనక పదార్థాల్లో కోకో బటర్ బదులు వెజిటబుల్ ఫ్యాట్ అని ఉంటే అది కాంపౌండే. దీనికి టెంపరింగ్ అక్కర్లేదు, కరిగించి ముంచితే చాలు, వేడిని కూడా కొంచెం ఎక్కువ తట్టుకుంటుంది. రుచిలో అసలుదానికి సాటిరాదు, అంగిలికి కాస్త జిడ్డుగా అంటుతుంది, ఆ మాట దాచను. కానీ పిల్లల చేతుల్లో, ఈ ఎండలో అదే నిలుస్తుంది.

అన్నిటిలో అరటిపండుతో మొదలుపెట్టు, దాన్ని మించింది లేదు. తొక్క మీద నల్లమచ్చలు రాని, పసుపురంగుకు తిరిగిన గట్టి పండ్లు తీసుకో. వేలి వెడల్పు ముక్కలు కోసి, ఒక్కోదానికి ఐస్‌క్రీమ్ పుల్ల గుచ్చి, బటర్ పేపర్ పరిచిన ప్లేటులో ఒకదానికొకటి తగలకుండా పేర్చి రెండు గంటలు ఫ్రీజర్‌లో పెట్టు. రాయిలా గట్టిపడాలి. ఈలోగా 200 గ్రాముల చాక్లెట్ కరిగించి, అందులో రెండు చిన్న చెంచాల కొబ్బరినూనె కలుపు. నూనె వేస్తే పూత పలుచగా పడుతుంది, కొరికినప్పుడు పెళ్లలుగా ఊడదు. అయితే కొబ్బరినూనె 24 డిగ్రీలకే కరిగిపోతుంది కాబట్టి, ఇది ఫ్రీజర్‌లోంచి తీసి వెంటనే తినేవాటికే పనికొస్తుంది.

కరిగినదాన్ని పొడవాటి స్టీలు గ్లాసులో పోసుకో, వెడల్పు గిన్నెలో ఉంచుకోకు. గ్లాసులో అయితే కొంచెం చాక్లెట్‌తోనే ముక్క నిండా మునుగుతుంది. ఫ్రీజర్‌లోంచి ఒకేసారి అన్నీ తీయకు, నాలుగేసి తియ్యి. బయట ఉంచితే ముక్క మీద మంచు చెమ్మ పడుతుంది, మళ్లీ అదే నీళ్ల గొడవ. ముంచి, పైకి తీసి, పుల్లను వేళ్ల మధ్య మెల్లగా తిప్పు. కారేది కారిపోతుంది. మెరుస్తున్న పూత నీ కళ్ల ముందే మెరుపు తగ్గి గట్టిపడుతుంది, అర నిమిషం కూడా పట్టదు. పల్లీల పొడి చల్లాలంటే ఆ మెరుపు ఉన్నప్పుడే చల్లాలి, తర్వాత ఒక్క గింజ కూడా నిలవదు. మా దగ్గర పల్లీలకేం కొదవ లేదు. దోరగా వేయించి, పొట్టు తీసి, పలుకుగా దంచుకుంటాను. వేయించిన నువ్వులు కూడా బాగుంటాయి. నాకు 200 గ్రాములకు నాలుగు పెద్ద అరటిపండ్లు సరిపోయాయి.

ప్రశ్న (నల్గొండ నుంచి)

అక్కా, ఎంత ఓపికగా రాశారు! ద్రాక్ష కాడ దగ్గర గుంట సంగతి నేను అసలు గమనించలేదు. బత్తాయి గురించి కూడా చెప్పరా?

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి)

బత్తాయి కొంచెం మొండిది చెల్లీ. కమలా అయితే తొక్క వదులుగా ఉంటుంది, తొనలు చక్కగా విడిపోతాయి. బత్తాయి తొక్క పండుకు అంటిపెట్టుకుని ఉంటుంది, తొన పొర చిరిగిందంటే రసం కారుతుంది, ఆ తొన ముంచడానికి పనికిరాదు, తినేయడమే. చిరగని తొనలు ఏరి, తెల్లటి పీచు తీసి, బట్ట మీద పరిచి ఫ్యాన్ కింద మూడు నాలుగు గంటలు ఉంచు, మధ్యలో ఒకసారి తిరగెయ్యి. పొర కాగితంలా పొడిగా తగలాలి. తర్వాత సగం వరకే ముంచు. సగం పసుపు, సగం గోధుమ రంగు, చూడ్డానికే ముచ్చటగా ఉంటుంది. లోపల గింజలుంటాయని పిల్లలకు ముందే చెప్పు. ఇవి ఫ్రీజర్‌లో వద్దు, కింది అరలో చాలు. వీటికి కొబ్బరినూనె కలపని చాక్లెట్ వాడు.

అయితే నా మాట వింటే, తొనల కంటే తొక్కతో చెయ్యి. తోట నుంచి వచ్చిన తాజా బత్తాయిలంటున్నావు, అలాంటి తొక్క బజారులో దొరకదు. ముందు మందుల ఆనవాళ్లు పోయేలా గోరువెచ్చటి నీళ్లల్లో రుద్ది కడుగు. తొక్కను చిటికెన వేలంత సన్న ముక్కలుగా కోసి, నీళ్లల్లో పది నిమిషాలు ఉడికించి ఆ నీళ్లు పారబొయ్యి. ఇలా మూడుసార్లు చేస్తే చేదు చాలావరకు పోతుంది. తర్వాత తొక్క ఎంత బరువుంటే అంత చక్కెర, మునిగేటన్ని నీళ్లు పోసి సన్నమంట మీద పెట్టు. ముప్పావు గంటకు తొక్కలు అద్దంలా అవుతాయి. జల్లెడ మీద వేసి రాత్రంతా ఆరబెట్టు. పొద్దున సగం దాకా చాక్లెట్‌లో ముంచితే, తీపిలో ఆ చిరుచేదు తగులుతుంటే ఎంత బాగుంటుందో. పెద్దవాళ్ల ప్లేటులో ఇవి పెట్టు.

ప్రశ్న (కొల్లాపూర్ నుంచి)

మా దగ్గర ఇంకొన్ని రోజుల్లో మామిడిపండ్లు వస్తాయి. మామిడి ముక్కలు ముంచితే జారిపోతున్నాయి, పూత కింద నీళ్లు ఊరుతున్నాయి. సీతాఫలం ఎవరైనా ప్రయత్నించారా?

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి)

మామిడి కోసిన చోటంతా రసమే కదండీ, పూత నిలవదు. ఫ్రీజర్‌లో గట్టిపరిచి ముంచితే కొంత నయం, కరగకముందే తినాలి. అంతకంటే మంచి దారి మామిడి తాండ్ర. చదరపు బిళ్లలుగా కోసి ముంచండి. అందులో తడి లేదు, పులుపు తీపి రెండూ ఉన్నాయి, చాక్లెట్ అచ్చంగా పట్టుకుంటుంది. గింజ తీసి వేయించిన పల్లీ పెట్టిన ఖర్జూరం కూడా అంతే, తడి భయం లేదు.

సీతాఫలం వద్దు. బాలానగర్ సీతాఫలం అంటే మా జిల్లాకు ఎంత పేరో మీకు తెలుసు, ఆ గుజ్జును చాక్లెట్ కింద దాచడం నాకు మనసొప్పదు. గింజలు తీసేసరికి అది పాయసంలా అయిపోతుంది కూడా.

జవాబు (సూర్యాపేట నుంచి)

పార్టీకి చిన్నపిల్లలు కూడా వస్తారు కదా, ఒక మాట. ఐదేళ్ల లోపు పిల్లలకు ద్రాక్ష గుండ్రంగా అలాగే ఇవ్వొద్దు, గొంతుకు అడ్డం పడుతుంది. నిలువుగా నాలుగు ముక్కలు చేసి, చాక్లెట్ లేకుండా విడిగా పెట్టండి. పల్లీలు కూడా వాళ్లకు పలుకులుగా వద్దు. పల్లీలు పడని పిల్లలు ఎవరైనా ఉన్నారేమో వాళ్ల అమ్మలను ముందే అడగండి. అరటిపండు ముక్కలకు టూత్‌పిక్ గుచ్చకండి, ఐస్‌క్రీమ్ పుల్లే మేలు.

ప్రశ్న (దేవరకొండ నుంచి)

కరెంటు పోతే ఫ్రీజర్‌లో పెట్టినవి ఏమవుతాయి? ముందురోజే చేసి పెట్టుకోవచ్చా?

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి)

అరటిపండువి ముందురోజే చేసుకోవచ్చు. పూత గట్టిపడ్డాక గాలి చొరని డబ్బాలో, వరుసకూ వరుసకూ మధ్య బటర్ పేపర్ వేసి ఫ్రీజర్‌లో పెట్టండి. గంటో రెండు గంటలో కరెంటు పోయినా తలుపు తెరవకుంటే ఏమీ కాదు. కరిగి మెత్తబడితే మాత్రం మళ్లీ గట్టిపరిచి పిల్లలకు పెట్టొద్దు. కోసిన తాజా పండ్లతో చేసినవి, తొనలు సహా, ఏ రోజువి ఆ రోజే అయిపోవాలి. తొక్కవి, తాండ్రవి, ఖర్జూరంవి డబ్బాలో ఫ్రిజ్‌లో వారం నిలుస్తాయి.

తిరిగి నల్గొండ నుంచి, ఆదివారం రాత్రి

అక్కా, పార్టీ అయిపోయింది, పిల్లలంతా ఇప్పుడే వెళ్లారు. శనివారం సాయంత్రం ఆరు అరటిపండ్లు కోసి పెట్టుకున్నాను. నాలుగేసి తీసి ముంచాను, ముప్పై ముక్కలకు ఒక్కసారి కూడా చాక్లెట్ ముద్దవ్వలేదు. గిన్నె అడుగు తుడిచినప్పుడు బట్ట నిజంగానే తడిసింది, అప్పుడు మీరు గుర్తొచ్చారు. మా పాప పక్కన స్టూలు వేసుకుని నిలబడి పల్లీల పొడి చల్లింది. మొదటి రెండింటికి ఆలస్యమై రాలిపోయింది, తర్వాత మాత్రం పూత మెరుస్తుండగానే "ఇప్పుడు, ఇప్పుడు" అంటూ చల్లేసింది.

బత్తాయి తొనలు సగం చిరిగాయి, పన్నెండు మాత్రమే దక్కాయి. తొక్కలు మాత్రం మీరు చెప్పినట్టే అద్దంలా వచ్చాయి. నాన్న ఒకటి తిని, ఇది మన బత్తాయేనా అని అడిగి ఇంకో నాలుగు తీసుకున్నారు. రేపు ఇంకో సంచి తొక్కలు వేస్తున్నాను. ఉడికించిన పాకం ఒక గిన్నెడు మిగిలింది, దాన్ని ఏం చేయొచ్చు?

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి)

చాలా సంతోషం చెల్లీ, పాపకు నా ఆశీస్సులు చెప్పు. ఆ పాకం వడకట్టి సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టు. మధ్యాహ్నం పూట చల్లటి నీళ్లల్లో రెండు చెంచాలు, కొంచెం నిమ్మరసం, చిటికెడు ఉప్పు వేసి నాన్నకు ఇవ్వు.