గుట్ట మీద చెట్లు లెక్కపెడితే భూమి బాగుపడినట్టేనా?

నిర్వాసిత రైతు:
పోయిన నెల మా ఊరి పక్క ఓసీలో (ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో) భూమి పునరుద్ధరణ పనులు చూడటానికి తనిఖీ బృందం వచ్చింది. గనిలోంచి తీసి పోసిన మట్టి గుట్ట మీది రోడ్డు వెంట జీపుల్లో తిరిగారు. దిగిన చోటల్లా ఫొటోలు తీసుకున్నారు, మొక్కలు లెక్కపెట్టారు. పారతో మట్టి తవ్వి చూసినవాళ్లు ఒక్కరూ లేరు. మర్నాడు నేనే వెళ్లి తవ్వాను. జానెడు లోతు కూడా పైమట్టి లేదు, కింద అంతా రాళ్లు, బొగ్గు పొడి. గని తవ్వేటప్పుడు పైమట్టిని విడిగా తీసి దాచాలని, తర్వాత మొక్కలు పెంచడానికి దాన్నే వాడాలని పర్యావరణ అనుమతి షరతుల్లోనే రాస్తారు. ముందు చూడాల్సింది అది కాదా?

ఓసీ సర్వేయర్:
అన్నా, నేను పనిచేసేది వేరే గనిలో. ఇలాంటి తనిఖీల్లో కొలతలు తీసినవాడిని కాబట్టి చెప్తున్నా. ముందు చూసేది గుట్ట నిలకడ. వాలు 28 డిగ్రీలు దాటకూడదు, బెంచీలు (వాలు మీద మెట్లలా కట్టిన అంచెలు) సరిగ్గా ఉండాలి, గుట్ట చుట్టూ కాలువ, దాని చివర మట్టి పేరుకునే గుంట ఉండాలి. 2016 డిసెంబర్‌లో జార్ఖండ్ రాజ్‌మహల్ ఓసీలో ఓబీ (బొగ్గు పైనుంచి తవ్వి తీసే మట్టి, రాళ్లు) జారి 23 మంది చనిపోయారు. పైమట్టి లోతు దాని తర్వాతే. పైగా ఇప్పుడు ఉపగ్రహ చిత్రాలు కూడా ఉన్నాయి. కోల్ ఇండియా పెద్ద ఓసీలను దాని ప్లానింగ్ సంస్థ సీఎంపీడీఐ ఏటా వాటితోనే చూస్తుంది.

పచ్చదనం:
పై నుంచి తీసిన ఫొటోలో ఎంత మేర పచ్చబడిందో తెలుస్తుంది. వేరు కింద ఏముందో తెలియదు.

నిర్వాసిత రైతు:
వాలు గురించి నేను అడగలేదు. పైమట్టి గురించి అడిగాను. మీరు చెప్పిన కాలువ మా వైపు తెగి మూడు వానాకాలాలైంది. గుట్ట మీది బూడిదరంగు మట్టి నా వరి పొలంలోకి దిగి, ఎండాక పెచ్చు కట్టింది. అక్కడ నాటు వేస్తే వేళ్లు దిగలేదు. ఫిర్యాదు ఇస్తే రసీదు ఇచ్చారు, అంతే.

ఓసీ సర్వేయర్:
పొలం నష్టం వేరే ఫైలు అన్నా, దాన్ని ఇందులో కలపకండి. పైమట్టి మాటకే వస్తా. పాత గనుల్లో దాన్ని దాచలేదు, ఇప్పుడు ఎక్కడి నుంచి తెస్తారు? రాతి గుట్ట మీద ముందు బతికేవి నీలగిరి, సుబాబుల్. అవి నిలబడితే ఆకు రాలి మట్టి తయారవుతుంది.

నిర్వాసిత రైతు:
పాత గని కాదు ఇది. మా పైమట్టిని డంపర్లు ఎత్తుకుపోవడం నా కళ్లతో చూశాను.

రిటైర్డ్ క్లర్క్:
డబ్బు సంగతి ఎవరూ ఎత్తట్లేదు. 2009లో బొగ్గు మంత్రిత్వ శాఖ తెచ్చిన గని మూసివేత మార్గదర్శకాల ప్రకారం ఓసీకి హెక్టారుకు 6 లక్షల రూపాయల లెక్కన ఎస్క్రో ఖాతాలో (పని జరిగాకే డబ్బు వదిలే ఖాతాలో) కట్టాల్సి ఉండేది. 2013 సవరణలో, పని జరిగిందని తేలితే అయిదేళ్లకోసారి అందులో 80 శాతం దాకా వెనక్కి తీసుకోవచ్చని పెట్టారు. ఆ లెక్కలు తర్వాత మారినా, కట్టిన డబ్బు పని చూశాకే వెనక్కి వస్తుంది. అంటే తనిఖీ రిపోర్టు మీద కోట్లు కదులుతాయి. అలాంటప్పుడు పార పట్టుకుని దిగాల్సిందే.

ఓసీ సర్వేయర్:
ప్రతిదానికీ అనుమానమేనా? మే నెల ఎండలో ఆ గుట్ట ఎక్కి కొలతలు తీసేవాళ్లం మేము. జీతం తీసుకుని దొంగ రిపోర్టు రాస్తున్నట్టు మాట్లాడితే ఊరుకోను.

నిర్వాసిత రైతు:
దొంగ అని నేను అనలేదు. ఊరివాళ్లను ఒక్కరినైనా వెంట తీసుకెళ్లారా, అది చెప్పు.

ఓసీ సర్వేయర్:
ఎందుకు తీసుకెళ్లాలి? పరిహారం ఇచ్చారు, అది ఇప్పుడు కంపెనీ భూమి. గని మూసివేత ప్లానులో చెట్లు అని ఉంటే చెట్లే చూస్తారు. మీరు అడుగుతున్నది సాగుభూమి. అది మీకు తిరిగి రాదు అన్నా, ఎవరో ఒకరు చెప్పాలి కదా.

నిర్వాసిత రైతు:
ఇప్పుడు వచ్చింది అసలు మాట. తమ్ముడూ, మేం అమ్ముకోలేదు. 1894 నాటి భూసేకరణ చట్టం కింద తీసుకున్నారు, వద్దనే హక్కే లేదు. పట్టా తిరిగి రాదని నాకూ తెలుసు. కానీ బొగ్గు అయిపోయాక కంపెనీ వెళ్తుంది, తవ్వి వదిలేసిన ఆ బొందలగడ్డ పక్కన బతికేది మేమే. గొర్రెలు ఎక్కడ మేయాలి? గుంతలో నిలిచిన నీళ్లు ఎవరు వాడుకోవాలి? నీలగిరి కింద గడ్డి కూడా సరిగ్గా మొలవదు. చెట్లు అని ప్లానులో రాసేముందు మమ్మల్ని ఎవరు అడిగారు?

ఓసీ సర్వేయర్:
ప్లాను మార్చే అధికారం తనిఖీకి వచ్చినవాళ్లకు ఉండదు.

పచ్చదనం:
అలాగైతే గొడవ తనిఖీతో కాదు, ప్లానుతో. సమాచార హక్కు కింద మూడు అడగండి: గని మూసివేత ప్రణాళికలో తవ్వకం తర్వాత భూ వినియోగం చూపే పేజీ, మ్యాపు; ఆరు నెలలకోసారి ఇచ్చే పర్యావరణ షరతుల అమలు నివేదిక; పైమట్టి ఎంత తీశారు, ఎక్కడ దాచారు, ఎంత పరిచారు అనే లెక్క.

నిర్వాసిత రైతు:
సోమవారం వేస్తాను. మ్యాపు వస్తే ఇక్కడే పెడతా. సర్వేయర్ తమ్ముడూ, అది చదివి చెప్పాల్సింది నువ్వే.

ఓసీ సర్వేయర్:
పెట్టండి, చదువుతా. కంపెనీ భూమి అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.