పురుగు కొరికిన మొక్క వదిలే వాసనను ‘మాట’ అనవచ్చునా?

ఎర్రచెలక (దేవరకొండ): ఆకులు చిరిగిన మొక్క గాలిలోకి వదిలే వాసనలను పసిగట్టి పక్క మొక్కలు ముందే రక్షణకు సిద్ధపడతాయని, పోప్లార్, మేపుల్ మొక్కలను పరీక్షించి 1983లో బాల్డ్విన్, షుల్ట్జ్ అనే శాస్త్రవేత్తలు ప్రకటించారు. దీనిని మొక్కల మాట అనడంలో తప్పేమిటి?

పాలమూరు సేద్యం: తప్పే. ఆకు తెగితే అందులోని కొవ్వు ఆమ్లాలు విరిగి ఆవిరవుతాయి. కోసిన పచ్చగడ్డి వాసన అదే. గాయం నుంచి కారిన రక్తాన్ని ఎవరైనా మాట అంటారా?

ఎర్రచెలక: రక్తంతో పోలిక కుదరదండీ. ఆకును బ్లేడుతో గీస్తే వచ్చే వాసన వేరు, గొంగళిపురుగు లాలాజలం తగిలినప్పుడు వచ్చే వాసన వేరు. మొక్కజొన్న ఆ రెండో వాసనను విడుదల చేసినప్పుడు, పురుగులో గుడ్లు పెట్టే కందిరీగల జాతి బదనికలు దానిని పట్టుకుని వస్తాయని 1990లో టర్లింగ్స్ బృందం చూపింది.

డిండి వాగు: అవన్నీ గదిలో చేసిన ప్రయోగాలు కదా. మా చెలకలో గాలి ఒక్కచోట నిలవదు.

ఎర్రచెలక: కాలిఫోర్నియాలో రిచర్డ్ కార్బన్ అనే శాస్త్రవేత్త ఆరుబయటే పరీక్షించారు. కత్తిరించిన సేజ్‌బ్రష్ పొదల పక్కనున్న అడవి పొగాకును పురుగులు తక్కువగా తిన్నాయి. అయితే ఆ ప్రభావం చాలా దగ్గరి మొక్కలకే పరిమితమన్నది నిజం.

పాలమూరు సేద్యం: అదే నేననేది! మూరెడు దూరం దాటని వాసనను నమ్ముకొమ్మని రైతుకు చెప్పకండి. ఆముదంలో ఆకులు తినే దాసరి పురుగు కనబడినప్పుడు ‘మిత్రపురుగులు వస్తాయి, ఆగు’ అన్న ఒకరి మాట విని వారం రోజులు ఆగాను. ఆకుల్లో ఈనెలే మిగిలాయి, కౌలు మాత్రం ఒక్క రూపాయి తగ్గలేదు.

ఎర్రచెలక: మీ నష్టానికి బాధగా ఉంది, కానీ ఊరికే ఆగమని నేను ఎక్కడా అనలేదు. మందు కొట్టే ముందు నాలుగు సాళ్లు నడిచి, దాసరి పురుగు వెనుక భాగానికి అంటుకుని చిన్న గూడు ఉన్నదేమో చూడమంటాను. అది మైక్రోప్లైటిస్ అనే బదనిక గూడు. అవి విరివిగా కనబడిన చోట మందు కొడితే, మొక్క పిలుపునకు వచ్చిన వాటినే చంపినట్లవుతుంది.

పాలమూరు సేద్యం: గూడు కోసం తప్పక చూస్తాను. కానీ మీది సొంత చెలక, కనుక నాలుగు రోజులు ఆగి చూడగలరు. కౌలుదారు ఆగినందుకు పంట పోతే ఆ నష్టం ఎవరు పంచుకుంటారో ముందు చెప్పండి, మొక్క మాట్లాడిందో లేదో తర్వాత తేల్చుకుందాం.