పెళ్లి పత్రికకు యూనికోడా, పాత ఫాంటే నయమా?

హన్మకొండ_డీటీపీ:
వారం కింద ఒకాయన పెళ్లి పత్రిక మ్యాటర్ వాట్సాప్‌లో పంపాడు. అది యూనికోడ్, అంటే అన్ని ఫోన్లలో, కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ ఒకే నంబరు ఉండే పద్ధతి. కన్వర్టర్‌లో వేసి, మా పాత ఫాంట్‌లోకి మార్చి, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టాను. ప్రూఫ్ చూపించాను, సరే అన్నారు. 500 పత్రికలు అచ్చయ్యాక పెళ్లికొడుకు మేనమామ వచ్చాడు. "ఏంది తమ్మీ, మా రాజ్‌కుమార్ రాజ్కుమార్ అయిండు?" జ కింద క వత్తు! మళ్లీ వేసిచ్చాం, కాగితం ఖర్చు మాదే. పాత ఫాంట్‌లో నేరుగా కొట్టినన్నాళ్లూ ఈ గొడవ లేదు. వత్తు కావాలంటే నేనే కొడతా, వద్దంటే ఉండదు. మరి అందరూ యూనికోడ్‌కు మారమంటారెందుకు?

కరీంనగర్_కోడర్:
అన్నా, తప్పు యూనికోడ్‌ది కాదు, కన్వర్టర్‌ది. రాజ్‌కూ కుమార్‌కూ మధ్య కంటికి కనబడని గుర్తు ఒకటుంటుంది. పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్, నంబరు యూ+200సి. పొల్లును పొల్లుగానే ఉంచి, పక్క హల్లును వత్తు కానివ్వకపోవడమే దాని పని. మీ కన్వర్టర్ దాన్ని చెత్త అనుకుని ఊడ్చేసినట్టుంది.

లెక్కపెట్టండి: ర, దీర్ఘం, జ, పొల్లు, ఆ గుర్తు, క, కొమ్ము, మ, దీర్ఘం, ర, పొల్లు. కంటికి 5 అక్షరాలు, కంప్యూటర్‌కు 11 కోడ్‌లు. యూనికోడ్‌ను ఫైల్లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోటి 3 బైట్లు, మొత్తం 33. ఒక్కటి జారిపోతే పెళ్లికొడుకు పేరే మారింది.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. మీ పాత ఫైల్లో ఉన్నది అసలు తెలుగే కాదు. ఇంగ్లిష్ అక్షరాల గదుల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు, తలకట్టు ఒక గదిలో, వత్తు ఇంకో గదిలో. ఆ ఫాంట్ లేని సిస్టంలో తెరిస్తే తోకలూ చుక్కలూ తగిలించిన ఇంగ్లిష్ అక్షరాలు బయటపడతాయి.

ఫ్లెక్సీ_ములుగు:
చెప్పడానికి బాగానే ఉంది తమ్ముడూ. మేడారం జాతర ముందు మాకు తిండికి టైం ఉండదు. ఆ టెన్షన్‌లో 'సమ్మక్క' అని పేస్ట్ చేస్తే 'సమ్‌మక్‌క' అని పడుతుంది. అమ్మవారి పేరు అట్ల వేస్తే ఊరుకుంటారా? పైగా ఫ్లెక్సీకి లావు అక్షరాలు, ఒంపులు తిరిగినవి కావాలి. అవి నా దగ్గర పాత ఫాంట్లలోనే ఉన్నాయి. మీరు పొగిడే ఆ కనబడని గుర్తే కదా, 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' మధ్యలో దూరి ఐఫోన్లలో యాప్‌లను కూలగొట్టింది?

కరీంనగర్_కోడర్:
నిజమే, కానీ అది అక్షరాన్ని చూపించే ప్రోగ్రాంలో లోపం. ఆ నెలలోనే అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. 'సమ్మక్క' విడిపోవడం మాత్రం సెట్టింగ్ వల్లే కావచ్చు. ఫొటోషాప్‌లో వరల్డ్-రెడీ లేఅవుట్, ఇన్‌డిజైన్‌లో వరల్డ్-రెడీ పారాగ్రాఫ్ కంపోజర్ పెట్టి చూడండి. ఫాంట్ల సంగతిలో మీరే కరెక్ట్.

జనగామ_టీచరమ్మ:
మా నాన్న ఊరి గుడి చరిత్ర రాసి డీటీపీ చేయించారు. సీడీ ఉంది, ఫాంట్ లేదు. అచ్చు పుస్తకం చూసి నేనే మళ్లీ టైప్ చేస్తున్నా, ఇప్పటికి 60 పేజీలు. కాబట్టి నా ఓటు యూనికోడ్‌కే. కానీ అందులోనూ తలనొప్పి ఉంది. 'వరంగల్‌లో' అని వెతికితే 'వరంగల్లో' అని కొట్టినవి దొరకడం లేదు. రెండూ నేను కొట్టినవే!

హన్మకొండ_డీటీపీ:
నిన్న ఇన్‌డిజైన్‌లో ఆ కంపోజర్ పెట్టి చూశా. రాజ్‌కుమార్ రాజ్‌కుమార్‌గానే వచ్చాడు. ఇక లోపలి మ్యాటర్ యూనికోడే. పైన 'శ్రీరస్తు శుభమస్తు' మాత్రం పాత ఫాంట్‌లోనే వేస్తా, ఆ 'శ్రీ' ఒంపు ఇంకెక్కడా దొరకలేదు. ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.