డబ్ల్యూపీ ఆవిరి ఇంజను అసలు డ్రాయింగులు ఎక్కడ వెతకాలి?

ప్రశ్న (హన్మకొండ నుంచి):
అందరికీ నమస్కారం. మా తాతగారు ఖాజీపేట షెడ్డులో ఫైర్‌మన్‌గా పనిచేశారు. ఆయన బొగ్గు వేసిన డబ్ల్యూపీ ఇంజనును, అంటే ముందువైపు తూటాలాంటి ముక్కు, దాని మీద నక్షత్రం ఉండేదాన్ని, 1:32 కొలతలో నిజంగా ఆవిరితో నడిచేలా తయారు చేయాలని పూనుకున్నాను. ఇంటర్నెట్‌లో రెండు పక్కబొమ్మలు దొరికాయి గాని, పెద్ద చక్రాల మధ్య దూరం రెండింట్లోనూ ఒకటిగా లేదు. ఒక కార్యాలయానికి రాసిన ఉత్తరానికి తొమ్మిది నెలలైనా జవాబు రాలేదు. కర్మాగారంలో గీసిన అసలు డ్రాయింగులు ఎక్కడ దొరుకుతాయో, ఏమని అడగాలో తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు:
మీరు చేయబోయేది ఏ నంబరు ఇంజనో ముందు తేల్చుకోండి. 1947లో వచ్చిన మొదటి 16 ఇంజన్లు అమెరికాలోని బాల్డ్విన్ కంపెనీవి; ఆ తరువాత బాల్డ్విన్‌తో పాటు కెనడా, ఆస్ట్రియా, పోలండ్ కర్మాగారాలు, చివరికి మన చిత్తరంజన్ కలిసి 1967 వరకు మొత్తం 755 తయారుచేశాయి. ఆర్కైవుల్లో డ్రాయింగులు సాధారణంగా మన రైల్వే పెట్టిన తరగతి పేరుతో కాక, తయారీదారు పేరుతో, ఆర్డరు నంబరుతో నమోదై ఉంటాయి కనుక, "డబ్ల్యూపీ డ్రాయింగు కావాలి" అని అడిగితే ఎవరికీ ఏమీ దొరకదు. ఇంజనుకు బిగించిన తయారీ పలక మీద కర్మాగారం పేరు, వరుస నంబరు, సంవత్సరం ఉంటాయి. ఆ మూడూ రాసి అడగండి. కింగ్‌స్టన్‌లోని కెనేడియన్ లోకోమోటివ్ కంపెనీ రికార్డులు అదే ఊళ్లో క్వీన్స్ విశ్వవిద్యాలయం ఆర్కైవులో ఉన్నాయి. డల్లాస్‌లోని డిగోలియర్ గ్రంథాలయం బాల్డ్విన్ స్పెసిఫికేషన్ పుస్తకాలను ఆన్‌లైన్‌లో ఉంచింది గాని, అవి డబ్ల్యూపీ కంటే ముందు కాలానివి. అక్కడ మీ సమయం వృథా చేసుకోవద్దు. మొదట జాబితా అడిగి, అందులోంచి జనరల్ అరేంజ్‌మెంట్ (ఇంజను మొత్తాన్ని చూపే డ్రాయింగు), ఫ్రేము (చట్రం), సిలిండరు, వాల్వ్ గేరు (సిలిండరులోకి ఆవిరిని వదిలే కవాటాలను నడిపే భాగాలు) షీట్లు ఎంచుకోండి.

మరొక జవాబు (విశ్రాంత డ్రాఫ్ట్స్‌మన్):
బాబూ, డ్రాయింగు చేతికొచ్చాక స్కేలు పెట్టి కొలవవద్దు. డ్రాయింగు గీసే పలుచని ట్రేసింగ్ గుడ్డ, దాని నుంచి తీసిన బ్లూప్రింటు కాలక్రమంలో కుంచించుకుపోతాయి, స్కాన్‌లో మరికొంత తేడా వస్తుంది; రాసి ఉన్న అంకెనే నమ్మాలి. మీకు దొరికిన రెండు బొమ్మలూ కలవకపోవడానికి ఇదే కారణం కావచ్చు. ఇంకొకటి, అమెరికా, కెనడా కర్మాగారాలు థర్డ్ యాంగిల్‌లో (ఎడమ నుంచి కనిపించేదాన్ని ఎడమవైపే వేసే పద్ధతిలో) గీసేవి, బ్రిటిషువారు ఫస్ట్ యాంగిల్‌లో (దాన్నే కుడివైపు వేసే పద్ధతిలో) గీసేవారు. మన దగ్గర ఫస్ట్ యాంగిల్ చదివినవారు కెనడా షీటు చూస్తే ఎడమ పక్క దృశ్యాన్ని కుడి పక్కదిగా పొరబడి, పంపునో గొట్టాన్నో అవతలి వైపు బిగించేస్తారు. నేనూ ఒకసారి అలాగే చేసి, పూర్తయిన బ్రాకెట్లు నాలుగు పారేయవలసి వచ్చింది. అలాగే డబ్ల్యూపీకి ఉన్నది బార్ ఫ్రేము, అంటే మందపాటి ఉక్కు కడ్డీల చట్రం. బ్రిటిష్ నమూనాల పుస్తకాలు చూసి పలుచని ఉక్కు పలకల ప్లేటు ఫ్రేము కోయకండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. హర్యానాలోని రేవారీ షెడ్డులో ఉన్న అక్బర్ అనే ఇంజనును, అంటే చిత్తరంజన్‌లో తయారైన 7161ను ఎంచుకుంటున్నాను.

మరొక జవాబు:
మంచి ఎంపిక, ఎందుకంటే డ్రాయింగులో అనుమానం వస్తే ఇంజను దగ్గరకే వెళ్లవచ్చు. అనుమతి తీసుకుని టేపు, నోటు పుస్తకం పట్టుకెళ్లండి; ఫోటో తీసేటప్పుడు భాగం పక్కన అడుగు స్కేలు నిలబెట్టండి. మరమ్మతుల్లో మారిన భాగాలను విడిగా రాసుకోండి. పెద్ద చక్రం వ్యాసం 5 అడుగుల 7 అంగుళాలు, అంటే మీ కొలతలో 53.2 మి.మీ. వస్తుంది. మన 1676 మి.మీ. బ్రాడ్‌గేజ్ మాత్రం 52.4 మి.మీ. అవుతుంది, బజారులో దొరికే పట్టాలు 45 మి.మీ.వి. ఆ పట్టాల మీద నడపాలంటే ఫ్రేములు లోపలికి జరపాలి. అందుకే రేకు కోయకముందే ఏ పట్టాలో నిర్ణయించుకోండి.