ట్రీట్‌మెంట్ (ప్రతిధ్వని తగ్గించే ఏర్పాటు) లేని గదిలో కండెన్సర్ మైకా, డైనమిక్ మైకా?

కథలగూడు:
పిల్లల కథలు చదివి రికార్డ్ చేస్తున్నాను. చిన్న గది, టైల్స్ నేల, ఖాళీ గోడలు, కిటికీ అవతలే రోడ్డు. నా దగ్గర ఏటీ2020 ఉంది, సన్న చప్పుడు కూడా పట్టే కండెన్సర్ రకం మైకు. ఫ్యాన్ ఆపినా గది మోత (గోడలకి తగిలి తిరిగొచ్చే శబ్దం) పోవట్లేదు. "అది అమ్మేసి, స్టేజీల మీద వాడే డైనమిక్ రకం మైకు కొను" అంటున్నారు. నిజంగా తేడా ఉంటుందా?

మిక్సింగ్‌మామ:
అమ్మేయండమ్మా. కండెన్సర్ పక్కింటి కుక్కర్ విజిల్‌ని కూడా వదలదు. ఎస్‌ఎం58 అనే డైనమిక్ మైకు వచ్చింది 1966లో, ఈరోజుకీ స్టేజీల మీద అదే. అంత గోలలోనూ గొంతు శుభ్రంగా వస్తుంది కదా!

శబ్దతరంగం:
మామగారూ, ఇక్కడ నేను ఒప్పుకోను. స్టేజి మీద గొంతు శుభ్రంగా రావడానికి కారణం, పాడేవాళ్ల పెదాలు జాలీకి ఆనుకుని ఉండటం. ఏటీ2020, ఎస్‌ఎం58 రెండూ కార్డియాయిడ్ మైకులే, అంటే ఎదురుగా వచ్చే శబ్దాన్నే ఎక్కువగా పట్టేవి. డైనమిక్‌కి సెన్సిటివిటీ (శబ్దాన్ని పట్టే శక్తి) తక్కువైతే గది మోతతో పాటు గొంతూ తగ్గుతుంది. గెయిన్ (మైకు సిగ్నల్‌ని పెంచే మోతాదు) పెంచగానే రెండూ కలిసే పైకొస్తాయి. అసలు సంగతి దూరం. మైకుకి నోటికి మధ్య దూరం సగమైతే గొంతు దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది మోత మాత్రం ఇంచుమించు అలాగే ఉంటుంది. 40 సెంటీమీటర్ల నుంచి 10కి వస్తే 12 డెసిబెల్స్ లాభం, పైసా ఖర్చు లేకుండా. కార్డియాయిడ్‌కి వెనకవైపు వినికిడి బాగా తక్కువ కాబట్టి, మైకు వీపు కిటికీ వైపు పెట్టండి.

మిక్సింగ్‌మామ:
లెక్క సరే బాబూ. కండెన్సర్‌కి అంత దగ్గరగా చదివితే ప, బ అక్షరాలు బాంబుల్లా పేలతాయి, నోటి చప్పుళ్లన్నీ వినిపిస్తాయి. డైనమిక్‌లో డయాఫ్రమ్‌కి (శబ్దానికి కదిలే పొరకి) కాయిల్ (తీగచుట్ట) బరువు కూడా ఉంటుంది, అందుకే పై ఫ్రీక్వెన్సీలు (కీచు శబ్దాలు) కాస్త మెత్తబడతాయి. టైల్స్ గదిలో చెవికి గుచ్చుకునేవి అవే కదా?

శబ్దతరంగం:
పై ఫ్రీక్వెన్సీల మాట నిజమే, కానీ ఆ పని ఈక్యూతో (ఫ్రీక్వెన్సీలని విడివిడిగా పెంచి తగ్గించే సాధనంతో) అయిపోతుంది. ఎస్‌ఎం7బి లాంటి డైనమిక్ మైకులకి 60 డెసిబెల్స్ దాకా గెయిన్ కావాలి. మెల్లగా కథ చెప్పే గొంతైతే చవక ఇంటర్‌ఫేస్‌లో (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టెలో) హిస్ (సన్నని బుస శబ్దం) మొదలవుతుంది. ఆ డబ్బు గది మీద పెట్టండి. మీ వెనకా పక్కనా మందపాటి బొంతలు, గోడకి నాలుగు వేళ్లు ఎడంగా వేలాడదీయండి. గుడ్ల అట్టలు మాత్రం వద్దు. రోడ్డు చప్పుడు ఆపవు, మోతా పెద్దగా తగ్గించవు.

వీణగది:
దగ్గరికి జరగడం అన్నిటికీ కుదరదండి. వీణకి కుండ దగ్గరే మైకు పెడితే అక్కడి మోతే ఎక్కువై, వాద్యం అంతా కలిసిన నాదం రాదు. నేను అడుగున్నర, రెండడుగుల దూరం వదులుతాను. అంత దూరంలో గమకం చివర సన్నగా మిగిలే నాదం డైనమిక్‌లో ప్రీఆంప్ (మైకు సిగ్నల్‌ని పెంచే భాగం) హిస్ కింద పోతుంది. నాకు కండెన్సరే కావాలి. కాబట్టి గదిని బాగు చేసుకోక తప్పదు.

కథలగూడు:
స్నేహితురాలి ఎస్‌ఎం58 తెచ్చి, రెండు మైకుల్లో ఒకే పేరా చదివి, లెవెల్స్ సమానం చేసి విన్నాను. జానెడు దూరంలో రెండిట్లోనూ గది మోత దాదాపు ఒకటే. బెత్తెడు దూరంలో రెండూ పొడిగా వచ్చాయి. కాకపోతే "పాపం బుజ్జి పిల్లి" అన్నప్పుడు ఏటీ2020 పేలింది, 58లో అంత లేదు.

మిక్సింగ్‌మామ:
చూశారా, నేను చెప్పింది అదే!

శబ్దతరంగం:
దానికి పాప్ ఫిల్టర్ (మైకు ముందు పెట్టే, ఊపిరి దెబ్బని ఆపే తెర) చాలండి. మైకుని నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకి పెట్టి, 80 హెర్ట్జ్ దగ్గర లో కట్ (అంతకన్నా కింది శబ్దాలని తగ్గించేది) వేసి మళ్లీ చదవండి.

కథలగూడు:
ముందు పాప్ ఫిల్టర్, బొంతలు. అప్పటికీ పేలితే 58 కొంటాను.