సిరొంచ చెలకల్ల శ్రీగంధం పెట్టొచ్చునా? వేరు సంగతి తెలిసినోళ్లు చెప్పున్రి

ప్రాణహిత_ఒడ్డు:
అందరికి నమస్తే. మహారాష్ట్రల సిరొంచ కాడ అంకీస దిక్కు మాకు నాలుగెకరాల చెలక ఉన్నది. ఏండ్ల సంది పత్తే. వచ్చే వానకాలం శ్రీగంధం పెడుదమనుకుంటున్న. నర్సరోళ్లు 12 ఏండ్లకే కోసుకోవచ్చంటున్రు. మొద్దు కోసి అమ్మితే సరిపోతదా, వేరు గూడ తవ్వాల్నా?

చేవ_చూసినోడు:
తమ్మీ, గంధం చెట్టును కోయరు, వేర్లతోని పెకిలిస్తరు. భూమికి సమంగ కోస్తే అసలు సొమ్ము మట్టిల విడిసిపెట్టినట్టే. ముదురు చెట్టుకు అన్నిటికన్న ఎక్కువ నూనె వేరులనే ఉంటది. డిపోలల్ల వేర్లకు వేరే గ్రేడు కట్టి అమ్ముతరు. నేను కర్ణాటకల పని చేసిన్నాడు దగ్గరుండి చూసిన. చుట్టూ గుంత తవ్వి, వేరు ఎటు పాకిందో అటు మట్టి తీసుకుంట పోతరు. కడిగినంక పైన తెల్లచెక్కను బాడిసతోని చెక్కుతరు. లోపల గోధుమరంగు చేవ తేలంగనే ఆ జాగంత వాసన. దాన్ని పొడి చేసి ఆవిరి పట్టి నూనె దించుతరు. ఉత్తరప్రదేశ్‌ల కన్నౌజ్ అనే ఊర్ల గులాబి, మొగలిపూల అత్తర్లు ఎన్కటి సంది ఈ నూనెలకే దించేది. పూల వాసన ఊకెనే ఎగిరిపోకుంట ఇదే పట్టి ఉంచుతది.
ఇగ 12 ఏండ్ల మాట నమ్మకు. చేవ పట్టుడు షురువయ్యేదే 10 ఏండ్లు అటీటు. మంచి నూనె కావాల్నంటే 20, 30 ఏండ్లు ఓపిక పట్టాలె.

అంకీస_రైతు:
వేరు గొప్పలు మస్తు చెప్పిన్రు. ఆ వేరు పక్కోని పంటను పీల్చుకుంటదని ఎందుకు చెప్పలే? మా ఒడ్డు అవతల ఒకాయన గంధం పెట్టిండు. ఒడ్డు పొంటి నా కంది సాళ్లు పసుపుపచ్చగయినయ్. అడిగితే నీ భూమిల సత్తువ లేదన్నడు.

చేవ_చూసినోడు:
పీల్చుకునేది నిజమే. దాని వేరు పక్క మొక్క వేరుకు అతుక్కొని నీళ్లు, లవణాలు గుంజుతది. అందుకే కావాల్నని పక్కన కంది, తర్వాత సరుగుడో కానుగో తోడు పెడతరు. తోడు లేకుంటే గంధమే గిడసబారుతది. కంది ఒక్కసారి పసుపైతే గంధమే కారణమని ఎట్లంటవ్? ఎండు తెగులు కావచ్చు.

అంకీస_రైతు:
ఎండు తెగులు ఎట్లుంటదో నాకు ఎరుకే. తెగులైతే నడి చెలకల గూడ రావాలె గద? ఒడ్డు పొంటే ఎందుకొచ్చింది?

పొలిమేర:
దొంగల సంగతి ఎవరు మాట్లాడరేంది? చేవ పట్టిందా అని రాత్రిపూట రంధ్రం పెట్టి చూసి పోతరు.

అంకీస_రైతు:
దొంగలు తర్వాత. ముందు నా కంది సంగతి చెప్పున్రి. ఒడ్డుకు ఎంత దూరం పెట్టాలె?

చేవ_చూసినోడు:
ఒడ్డు పొంటి కందకం తవ్విపియ్యి అన్న. వేరు దాటది, దాటినా కనవడుతది.

మట్టిచేతులు:
ఇంత సేపు వేరు గురించి కొట్లాడుతున్రు. ఆ నాలుగెకరాలు ఇప్పుడు దున్నుతున్నదెవరని ఒక్కరన్న అడిగిన్రా?

ప్రాణహిత_ఒడ్డు:
నేను నాగపూర్‌ల ఉంట. కౌలుకిచ్చిన. 2022 వరదలల్ల పంట పోయిందని ఆ ఏడు కౌలు ఇయ్యలే. నేనూ అడగలే. తర్వాత గూడ ప్రతి ఏడు ఏదో ఒకటి. నెలనెలా ఊరికొచ్చి చూసుకునే ఓపిక నాకు లేదు. చెట్టయితే అడిగేది ఉండది, బతిమిలాడేది ఉండది. నా భూమిల నేను చెట్టు పెడితే గూడ తప్పేనా?

మట్టిచేతులు:
వరదల పంట పోతే నష్టపరిహారం సాత్‌బారాల, అంటే ఈడి పహాణిల, పేరున్నోనికే వస్తది. నోటిమాట కౌలు మాది, పహాణి రాసే తలాఠీ మా పేరు రాయడు. ఎరువు మాది, విత్తనం మాది, పైసలు వేరేటోళ్ల ఖాతాల పడ్డయ్. నాకట్లనే అయింది. మీకు వచ్చినయా రాలేదా, మీరే చెప్పున్రి.

ప్రాణహిత_ఒడ్డు:
వచ్చినయ్. కౌలు కింద జమ చేసుకున్న. పట్టా నాది.

అంకీస_రైతు:
గిది పద్ధతి గాదన్నా.

చేవ_చూసినోడు:
నడి మార్గం ఉన్నది. వరుసల నడుమ ఆయననే కంది వేసుకోనియ్యి. చెట్లకు తోడు దొరుకుతది, కాపల గూడ ఉంటది. నాటిన ఏడే చెట్లు సాత్‌బారాల ఎక్కియ్యి, రేపు ఫారెస్టోళ్ల పర్మిట్ అడిగినప్పుడు అదే అక్కెరకొస్తది.

మట్టిచేతులు:
కొమ్మలు కలిసి నీడ పడ్డంక కంది కాయది. అటెనక 20 ఏండ్లు కాపల కాసినోనికి ఏం పాలు? వేరుల ఇంత అని కాయిదం మీద రాసిస్తరా?

ప్రాణహిత_ఒడ్డు:
రాసియ్య. కాపలకు జీతం ఇస్త.

మట్టిచేతులు:
మంచిదన్నా, భూమి మీది. గని మీ కౌలుదారుకు ఉగాది లోపల్నే చెప్పున్రి, ఇంకో చెలక చూసుకుంటడు. నాకు జూన్‌ల చెప్పిన్రు, అప్పటికే పత్తి గింజలు తెచ్చి పెట్టుకున్న.